పేరు నడుముది

ఆబిడ్స్‌లో ఇప్పుడు ఆబిడ్ లేడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ అక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయి ఎన్నో ఏళ్ళయింది. పేరు మాత్రం ఆ చోటికి అంటుకుపోయింది. నడుము నొప్పి సంగతీ ఇంచుమించు అంతే. పేరు నడుముది, అసలు దుకాణం ఒక్కొక్కప్పుడు మరోచోట వుంటుంది.

నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్‌కు నన్ను తరచు తీసుకుపోయే ఆటో అతను ఆమధ్య నడుము పట్టుకుని కుంటుతూ కనిపించాడు. “డిస్కు ఉబ్బిందంటున్నరు సార్. ఆపరేషనంటే ఆటో అమ్ముకోవాలె,” అన్నాడు. చేతిలో స్కానింగు కాగితం.

ఆ కాగితం అబద్ధం చెప్పదు. కాని నిజమంతా చెప్పదు. డిస్కు జారి నరాన్ని నొక్కుతుందని 1934లో మిక్స్‌టర్, బార్ అనే అమెరికా డాక్టర్లు చూపించారు. గొప్ప సంగతే. అప్పటినుంచి నడుము నొప్పి అంటే డిస్కే అనుకోవడం అలవాటైపోయింది. తీరా 1994లో, నడుము నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీసి చూస్తే, సగానికి పైగా మందికి డిస్కు ఉబ్బే వున్నది!

నాకు తెలిసిన ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఒకావిడ నాంపల్లిలో వున్నది. అతన్ని అక్కడికి తీసుకువెళ్ళాను. ఆవిడ కాగితం చదివి పక్కన పెట్టి, మనిషిని చూసింది. వంగమంది, మడమల మీద నడవమంది. కాలి బలం తగ్గలేదు, స్పర్శ పోలేదు. పిరుదు మధ్య బొటనవేలితో నొక్కేసరికి, “గదే మేడమ్, గదే నొప్పి!” అని అరిచాడు.

“వెనక జేబులో ఏమున్నదన్నా?”

పర్సు తీశాడు. డబ్బు తక్కువ, కాగితాలు ఎక్కువ, ఇటుకలా వున్నది. పొద్దస్తమానం దానిమీదే కూచుంటాడు.

పిరుదు లోపల అడ్డంగా పిరిఫార్మిస్ అనే కండరం వుంటుంది. కాలికి పోయే పెద్ద నరం, చాలామందిలో దాని కిందుగా పోతుంది. కండరం బిగిస్తే నరం సలుపుతుంది. వెన్ను అడుగు ఎముకా తుంటి ఎముకా కలిసే కీలు, తొడ ముందు బిగిసిన కండరాలు కూడా నడుము పేరుమీద వ్యాపారం చేసేవే.

ఆవిడ మోచేతితో మెల్లగా, అతను ఊపిరి వదిలేటప్పుడు నొక్కింది. తరువాత మోకాలిని తన చేతికి ఎదురు తోయమని, వదిలినప్పుడల్లా కాస్త సాగదీసింది. విరుపులేవీ లేవు. “నా చేతి పని కొద్ది రోజులే నిలుస్తుంది, ఆపైన నిలబెట్టేది మీ కసరత్తే,” అని రెండు కసరత్తులు నేర్పింది. పర్సు ముందు జేబులోకి మారింది. ఆరు వారాలకు కుంటు పోయింది, ఆటో మిగిలింది.

అలాగని ప్రతి నడుమూ నొక్కి బాగుచేసేది కాదు. మూత్రం బిగిసినా, పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం వాలిపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. నొప్పితోబాటు జ్వరమూ, బరువు తగ్గడమూ వుంటే వెన్నెముక క్షయ కావచ్చు. మన దేశంలో అది మరచిపోదగిన జబ్బు కాదు. అటువంటి వెన్నును ఎవరి చేతికీ అప్పగించి విరిపించుకోరాదు.

అందుచేత, మీ నడుముకు కాగితం చూసి ఎవరైనా తీర్పు చెప్పబోతే, కోపం తెచ్చుకోకుండా ఒక్క మాట అడగండి: “అయ్యా, కాస్త చెయ్యి వేసి చూస్తారా?”