పిలిచిన పలుకు కుక్క

గొలుసు విప్పిన కుక్క పిలిచినంతనే మరలి రాకున్నచో పలువురు దానిని మొండిదందురు. తప్పు తరచుగా పిలుచువానియందే యుండును. ఎదుట లారీ వచ్చుచున్నప్పుడు దాని ప్రాణము ఆ పిలుపుపైననే ఆధారపడును గదా! ఆలసించి వచ్చినదానిని కొట్టుట మిక్కిలి అవివేకము. వచ్చినందుకే దెబ్బ పడెనని అది తలంచును. 1904లో నోబెల్ బహుమానము నందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ పరిశోధనలలో, ఆహారమునకు ముందు పలుమారులు వినిపించిన ధ్వనికే కుక్కల నోట లాలాజలమూరెను. పిలుపునకును అట్టి రుచి కలిగింపవలెను. మొదట ఇంటిలోను, పిదప పొడవైన త్రాటితో బయలునందును, పేరు ఒక్కమారే పిలిచి, రాగానే మాంసపు ముక్క నొసగి, మరల ఆటకు విడువవలెను. ఈ కడపటి పనినే జనులు మరతురు. పిలిచిన ప్రతిసారియు గొలుసు తగిలించి ఇంటికి గొనిపోదురు. ఇక నది ఏల వచ్చును?