మూడోవాడి మనవి

"లెక్కలు మన రక్తంలోనే ఉన్నాయండీ!"

సింగపూర్‌లో ఏ తెలుగు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా ఈ మాట పప్పు తర్వాత పులుసులా వచ్చి తీరుతుంది. మొన్న సెంగ్‌కాంగ్‌లో ఓ మిత్రుడింట్లోనూ వచ్చింది. వాళ్ళబ్బాయికి ఆరో తరగతి పరీక్షలో మంచి స్కోరు వచ్చింది మరి. మూడేళ్ళుగా పోసిన ట్యూషన్ డబ్బుల సంగతి ఎవరూ ఎత్తలేదు. హారతి అంతా జీన్స్‌కే!

ఈ కబుర్లే ఈ ఊళ్ళో ఒకప్పుడు ప్రభుత్వ విధానమయ్యాయి. 1983 ఆగస్టులో, జాతీయ దినోత్సవ సభలో ప్రధాని లీ క్వాన్ యూ ఒక భయం బయటపెట్టారు. డిగ్రీ చదివిన ఆడవాళ్ళు పెళ్ళిళ్ళు మానేస్తున్నారు, చదువు లేనివాళ్ళు ఎక్కువమందిని కంటున్నారు, ఇలాగైతే దేశంలో తెలివి తరిగిపోతుంది అని. తెలివిలో 80 శాతం పుట్టుక, 20 శాతం పెంపకం అని లెక్క కూడా చెప్పారు. 1984 వచ్చేసరికి, ముగ్గురిని కన్న పట్టభద్రురాలి పిల్లలకి ఒకటో తరగతి సీట్లలో ప్రాధాన్యం. పట్టభద్రులకి సంబంధాలు కుదర్చడానికి ఏకంగా ఒక సర్కారీ విభాగం. అటుపక్క, చదువూ ఆదాయమూ తక్కువున్న తల్లి ఒకరిద్దరితో ఆపి ఆపరేషన్ చేయించుకుంటే పదివేల డాలర్లు!

మా అమ్మది అయిదో తరగతి. నాన్న తణుకులో రైసుమిల్లు గుమాస్తా. నేను మూడోవాణ్ణి.

ఆ మధ్య ఫోన్లో అమ్మకి ఈ పథకం సంగతి చెప్పి, నువ్వైతే తీసుకునేదానివా అని అడిగాను. "అంటే ఎన్ని రూపాయల్రా?" అంది. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అన్నం తిన్నావా?" అంది.

కవలల మీద పరిశోధనలు అబద్ధమని నేననను. జన్యువులే లేవన్నట్టు మాట్లాడే మా అభ్యుదయ మిత్రులతోనూ నాకు పేచీయే. కానీ ఆ 80 శాతం ఒక మనిషి బుర్రలో ఇంత పాలు అని కాదు. ఫలానా చోట, ఫలానా కాలంలో, మనుషుల మధ్య కనబడే తేడాల్లో ఎంత వంతు జన్యువుల తేడాలతో ముడిపడిందో చెప్పే అంకె. చోటు మారితే అంకే మారుతుంది.

హ్రస్వదృష్టినే చూడండి. కవలల లెక్కల్లో దానికీ వారసత్వం గట్టిగానే కనిపిస్తుంది. అయినా ఇక్కడి కుర్రకారులో దాదాపు పదింట ఎనిమిది మందికి కళ్ళజోళ్ళు. వాళ్ళ తాతలకి ఇంతగా లేవు. రెండు తరాల్లో జన్యువులు మారిపోతాయా? 2001లో ప్రభుత్వం దీనిమీద జాతీయ కార్యక్రమమే పెట్టింది. పిల్లల్ని ఎండలో ఆడుకోనివ్వమంటోంది. కళ్ళజోడున్న తల్లులకి ఆపరేషన్ చేయించుకుంటే డబ్బిస్తామని మాత్రం ఎవరూ అనలేదు!

అంటే ఎప్పుడు జన్యువుల్ని తలుచుకోవాలో, ఎప్పుడు ఎండని తలుచుకోవాలో నిర్ణయించేది సైన్సు కాదు. చదువుకున్న తల్లుల కోసం అంత బెంగపడిన ఈ దేశంలోనే 1979 నుంచి 2003 దాకా వైద్యవిద్యలో అమ్మాయిలకి మూడో వంతు సీట్లే ఇచ్చారు. ఆ కోటా ఏ క్రోమోజోములో రాసుందో?

జనం మాత్రం బాగానే అర్థం చేసుకున్నారు. ఏ పట్టభద్రురాళ్ళని నెత్తిన పెట్టుకుందామనుకున్నారో వాళ్ళలోనే చాలామంది మండిపడ్డారు. 1984 డిసెంబరు ఎన్నికల్లో పాలకపక్షం ఓట్ల శాతం దాదాపు 13 పాయింట్లు పడిపోయింది. దానికి వేరే కారణాలూ లేకపోలేదు. 1985లో స్కూలు సీట్ల ప్రాధాన్యం ఎత్తేశారు.

మన భోజనాల బల్ల మీద మాత్రం ఎత్తెయ్యలేదు. ఆ రోజు పెరుగన్నం దగ్గర ఉండబట్టలేక అడిగాను, "మన రక్తం అన్నారు కదా, మన అంటే ఎవరండీ? తెలుగువాళ్ళందరమా?"

మిత్రుడు నవ్వి, ఆవకాయ జాడీ నావైపు జరిపాడు. బల్ల చుట్టూ ఉన్న ఎనిమిదిమందిలో సమాధానం తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు.