గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

చెట్ల విషయంలో ఈ సామెత అక్షరాలా పనికొస్తుంది. ఇంటి ముందు చెట్టు ఎండినట్టు కనిపించగానే మనకు గొడ్డలే గుర్తొస్తుంది. అంతకంటే ముందు చేయాల్సిన పరీక్షకు గోరు చాలు. ఎండిన కొమ్మ బెరడును గోటితో కొంచెం గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే అది బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి మళ్లీ గీకండి. పచ్చదనం ఎక్కడ తగిలిందో అక్కడి నుంచి కిందికి చెట్టుకు ప్రాణం ఉన్నట్టే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన వేపచెట్ల కోసం. 2021లో తెలంగాణలో చాలాచోట్ల వేపచెట్లు నిప్పు తగిలినట్టు కొసల నుంచి మాడిపోయాయి. ఆ తర్వాతి ఏడాదుల్లోనూ ఈ తెగులు కనిపిస్తూనే ఉంది. కారణం సెల్ టవర్ అని కొందరు, దిష్టి అని ఇంకొందరు అన్నారు. మన జిల్లాలోనే రాజేంద్రనగర్‌లో ఉన్న ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మాత్రం రెండు కారణాలు చెప్పారు. ఒకటి ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దీని వల్ల వచ్చేదే డైబ్యాక్ తెగులు. రెండోది టీ దోమ. పేరుకే దోమ, నిజానికి లేత చిగుళ్ల రసం పీల్చే నల్లి జాతి పురుగు. అది కుట్టినచోట కొమ్మ మాడుతుంది. వాన చినుకులతో, పురుగులతో శిలీంధ్రం పక్క కొమ్మలకూ పక్క చెట్లకూ పాకుతుంది.

విచిత్రం చూడండి. శిలీంధ్రాలను అణచడానికి వేపనూనె వాడే పద్ధతి మీద ఒక విదేశీ కంపెనీ తీసుకున్న యూరప్ పేటెంట్‌ను ‘ఇది మాకు ఎప్పటినుంచో తెలుసు’ అని మనవాళ్లు సవాలు చేస్తే 2000లో రద్దు చేశారు. 2005లో అప్పీలులోనూ అదే తీర్పు వచ్చింది. అలాంటి వేపకే శిలీంధ్రం పట్టింది. పట్టినా అంత తేలిగ్గా చావదు. వానాకాలం చివర మాడిన చెట్లలో చాలావరకు ఎండాకాలం ముందు మళ్లీ చిగురిస్తాయి. మనం ఆ నాలుగు నెలలు కూడా ఆగట్లేదు. నా బాధ అదే.

పోయిన ఏడు ఇబ్రహీంపట్నంలో మా గల్లీలో ఇలాగే జరిగింది. ‘సచ్చిపోయింది బిడ్డా, కొట్టిపిద్దాం. ఇంటి మీద పడితే ఎవలది పూచీ?’ అన్నాడు మా ఇంటి ఓనర్ అంకుల్. ఆయన భయంలో తప్పులేదు. ‘ఉగాది దాకా ఆగుదాం అంకుల్, ఎండిన కొసలు మాత్రం తీపిద్దాం’ అన్నాను. బెరడు గీకి చూపిస్తే ఒప్పుకున్నాడు. మార్చిలో ఒక పక్క కొమ్మ తప్ప మిగతాదంతా చిగురేసింది. వెనక గల్లీలో అలాంటి చెట్టునే దసరాకే కొట్టేశారు. ఇప్పుడక్కడ మధ్యాహ్నం బైకు సీటు మీద కూర్చోలేం.

అన్ని చెట్లకూ ఒకే జబ్బు ఉండదు. మామిడి మొదట్లో రంధ్రం, దాని కింద రంపపు పొట్టు కనిపిస్తే లోపల కాండం తొలిచే పురుగు ఉన్నట్టు. ఇనుప తీగతో దాన్ని బయటికి లాగి, కిరోసిన్‌లో ముంచిన దూది పెట్టి, రంధ్రాన్ని మట్టితో మూసేస్తారు. జామ, నేరేడు బెరడు మీద పొట్టు, సాలెగూడు కలిసిన పట్టీల్లాంటివి ఉంటే అది బెరడు తినే పురుగు. మొదలు మీద మట్టి గూళ్లు కనిపిస్తే చెదలు. అవి ఎక్కువగా ఎండిన బెరడునే తింటాయి కాబట్టి వాటిని చూడగానే చెట్టు పోయిందనుకోకండి. గూళ్లు దులిపి లోపల గట్టిగా ఉందో లేదో తట్టి చూడండి.

వేపకైతే ఎండిన కొమ్మను పచ్చభాగం కొంచెం కలిసేలా కోసి, కోసినవాటిని తగలబెట్టి, కోతల మీద బోర్డో పేస్ట్ పూయాలి. కార్బెండజిమ్ లాంటి మందులనూ సిఫార్సు చేశారు. కానీ అంత ఎత్తు చెట్టుకు పంపు అందదు, కింద బావీ పిల్లలూ ఉంటారు. వ్యవసాయ అధికారిని అడగకుండా మందు జోలికి పోవద్దు. కొమ్మ కరెంటు తీగ మీద ఉంటే కరెంటోళ్లను పిలవండి, మీరు ఎక్కొద్దు.

ప్రతి చెట్టునూ కాపాడి తీరాలని నేను అనట్లేదు. మొదలు డొల్లై ఇంటి మీదికి ఒరిగితే కొట్టాల్సిందే. దానికీ 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. నేను అడిగేది వరస మార్చమని: ముందు చూడటం, తర్వాత కత్తిరించడం, తర్వాత ఆగడం, గొడ్డలి ఆఖరున. ప్రోగ్రామ్ రన్ కాకపోతే లాప్‌టాప్ పగలగొట్టం కదా, ఎర్రర్ ఎక్కడుందో వెతుకుతాం.

2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి మొక్క నాటే ఫొటోలకు కొదవ లేదు. మన ఎన్ఎస్ఎస్ మిత్రులకు ఒక విన్నపం: ఈ అక్టోబరులో నాటే కార్యక్రమం ఒకటి తగ్గించి, ఒక ఆదివారం కాలేజీ చుట్టుపక్కల పెద్ద చెట్లను చూసొద్దాం. ఎవరూ పారలు తేనక్కర్లేదు, గోళ్లుంటే చాలు.