పొగ లెక్క జనం ముందు పెట్టాలి

పొగకు ధర కట్టే రోజులొచ్చాయి. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించిన కేంద్రం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని ప్రకటించింది. 2025 అక్టోబర్‌లో తొలి విడతగా సిమెంటు, కాగితం, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ రంగాల్లోని 282 కర్మాగారాలకు లక్ష్యాలు నిర్ణయించింది. వాటిలో 186 సిమెంటువే.

సిమెంటు అంటే ఎక్కడిదో కాదు. మేళ్లచెరువు, మఠంపల్లి, తాండూరు, బసంత్‌నగర్, దేవాపూర్. కాగితమంటే సారపాక, కాగజ్‌నగర్. సున్నపురాయి మన నేలది. దుమ్ము మన ఊళ్ల మీద పడేది. అందుకే ఈ లెక్క కంపెనీల ఆడిటర్లకే వదిలేసేది కాదు.

నిబంధనలు ఏమంటున్నాయి? టన్ను సరుకు తయారీకి ఎంత కార్బన్ వదిలారన్నదే కొలమానం. 2023-24 స్థాయి ఆధారంగా 2025-26, 2026-27 సంవత్సరాలకు లక్ష్యాలు పెట్టారు. లక్ష్యాన్ని మించి తగ్గించిన కర్మాగారానికి టన్నుకొకటి చొప్పున సర్టిఫికెట్లు వస్తాయి. తగ్గించలేనిది వాటిని కొనుక్కోవాలి. అదీ చేయకపోతే సగటు ధరకు రెట్టింపు పరిహారాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విధిస్తుంది.

మేము దీన్ని వ్యతిరేకించడం లేదు. ఇన్నాళ్లూ ఉచితంగా గాలిలోకి వదిలిన దానికి లెక్క కట్టడం మంచిదే. కానీ ఇందులో రెండు లొసుగులున్నాయి. టన్నుకు తగ్గితే చాలు గనుక, ఉత్పత్తి పెరిగి మొత్తం కార్బన్ పెరిగినా నిబంధన పాటించినట్టే. ఇక రెండోది కొనుగోలు. ఇక్కడి ఫ్యాక్టరీ ఏమీ మారకుండానే రాజస్థాన్‌లోనో గుజరాత్‌లోనో తగ్గిన కార్బన్‌కు సర్టిఫికెట్ కొని చేతులు దులుపుకోవచ్చు. భూగోళానికి టన్ను ఎక్కడ తగ్గినా ఒక్కటే. గోడ పక్క చేనున్న రైతుకు ఒక్కటెట్లవుతుంది?

తగ్గించడం మా వల్ల కాదని యాజమాన్యాలు అనొచ్చు. సిమెంటు కార్బన్‌లో సగానికి పైగా బొగ్గుది కాదు, కాలిన సున్నపురాయిదే. నిజమే. కాబట్టే బొగ్గు పొదుపుతో సరిపెట్టకుండా క్లింకర్ వాటా తగ్గించాలి. అందులో కలిపే బూడిద రామగుండం, కొత్తగూడెం థర్మల్ కేంద్రాల దగ్గరే ఉంది. దారి లేక కాదు, ఒత్తిడి లేకనే ఆలస్యం.

మా డిమాండ్లు మూడు. ప్రతి కర్మాగారం తన లక్ష్యమెంత, సాధించిందెంత, కొన్న సర్టిఫికెట్లెన్ని అన్నది ఏటా తెలుగులో గ్రామ పంచాయతీ ముందు పెట్టాలి. కార్బన్ ఖర్చు సాకుతో కాంట్రాక్టు కార్మికుల కూలీ కోయొద్దు. వసూలయ్యే పరిహారంలో దుమ్ము మింగుతున్న గ్రామాలకు వాటా ఇవ్వాలి.

సైన్సు చదివే విద్యార్థులు ఈ లెక్క నేర్చుకుని ఊళ్లలో విప్పి చెప్పాలి. ఫ్యాక్టరీల్లో, కాలుష్య మండలిలో పనిచేసే ఉద్యోగులు తప్పుడు అంకెల కింద సంతకం పెట్టబోమని గట్టిగా నిలబడాలి. నీళ్ల లెక్క అడిగినం. నిధుల లెక్క అడిగినం. పొగ లెక్క కూడా బరాబర్ అడుగుదాం.