రోగి యింట నవ్వు తప్పా?

మన పద్మనగరమందు సాంచాల చప్పుడు రాత్రింబవళ్ళు వినబడుచునే యుండును. ఆ చప్పుడు నడుమ నొకరితో నొకరు మాటలాడవలెనన్న గొంతెత్తి యరవవలసినదే. అట్టి పేటలో సైతము ఒక్క మాటను మాత్రము జనులు గుసగుసగా పలుకుదురు. అది క్యాన్సరు అను మాట. కొందరా పేరైనను పలుకరు. “ఆ జబ్బు” అని చేయి త్రిప్పి యూరకుందురు. ఎవరి యింట నా జబ్బు ప్రవేశించినదో ఆ యింటివారు తలుపు సగము మూయుదురు. ఇరుగుపొరుగువారు మిగిలిన సగము మూయుదురు.

ఈ తలుపును గూర్చియే మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి. బడి పత్రికకు ఇది తగిన విషయమా యని కొందరు పెద్దలు శంకింపవచ్చును. తగునని మా యభిప్రాయము. ఏలయన ఈ జబ్బు సంగతి మన యిండ్లలో మొట్టమొదట వినుచున్నది తరచుగా పిల్లలే.

మన పెద్దలలో పెక్కుమంది కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి నేతపనిని నమ్ముకొని యిచటికి వచ్చిన కుటుంబములవారు. వారిలో పలువురకు హిందీ బజారు బేరమునకు సరిపోవునంత వచ్చును. మరాఠీ అంతకన్న తక్కువ. నోటిలోని పుండు మానకున్నను, ముద్ద గొంతు దిగకున్నను, తెలిసినవారు పరేలునందలి టాటా ఆసుపత్రికి పొమ్మందురు. 1941 లో తెరువబడిన ఆ ఆసుపత్రికి దేశము నలుమూలలనుండి రోగులు వత్తురు. తెల్లవారకముందే బయలుదేరి, ఠాణాకో కల్యాణుకో చేరి, అచట లోకల్ రైలెక్కి, పిదప వరుసలో నిలుచుండవలెను. అప్పుడు పెద్దాయనకు తోడు వెళ్ళునదెవరు? బడిలో మరాఠీ, హిందీ, ఇంగ్లీషు నేర్చిన కొడుకో కూతురో. ఏ వైద్యుని కడకేగినను ఆయన చెప్పునది ఆ పిల్ల వినవలెను, విన్నదానిని తండ్రికి తెలుగున చెప్పవలెను. పదునాలుగేండ్ల పిల్ల ఏమని చెప్పును? “ఏం కాదట నాయినా, మందులు వాడితే తగ్గుతదట” అని చెప్పి, తిరుగు రైలులో కిటికీ వైపు మొగము పెట్టి కూర్చుండును. ఇట్టి పిల్లలను మేమెఱుగుదుము.

ఇల్లు చేరిన పిదప బంధువులు ఆ పిల్లకు చెప్పు మొదటి మాట, “నాయినకు చెప్పకు” అని. తండ్రికి తెలియదా? బిడ్డ మొగము చదువలేని తండ్రి యుండునా? తనకు తెలిసినదని బిడ్డకు తెలియరాదని ఆయన దాచును. ఆయనకు తెలియరాదని బిడ్డ దాచును. ఒకే దీపము క్రింద కూర్చుండి అన్నము తినుచు ఇద్దరును చెరియొక గదిలో నున్నట్లే యుందురు.

ఈ దాపరికమును గొప్ప త్యాగముగా చూపిన చిత్రమొకటి తలిదండ్రులకు జ్ఞాపకముండును. 1981 లో దాసరి నారాయణరావుగారి దర్శకత్వమున వెలువడిన ప్రేమాభిషేకములో అక్కినేని నాగేశ్వరరావుగారు కథానాయకులు. తనకు క్యాన్సరు సోకినదని తెలిసిన నాయకుడు ఆ సంగతి ప్రియురాలికి చెప్పడు. తాను చెడిపోయినవానివలె నటించి, ఆమె తన్ను అసహ్యించుకొనునట్లు చేయును. ఆ చిత్రము తెలుగునాట నెంతకాల మాడినదో, ఎందరు కంటతడి పెట్టిరో చెప్పనక్కరలేదు. మేమును కంటతడి పెట్టినవారమే. కాని నేడు ఆలోచించిచూడగా, ఆ కథలోని దుఃఖములో సగము జబ్బు వలన వచ్చినది కాదు, దాచుట వలన వచ్చినది.

అదే నాగేశ్వరరావుగారికి ముప్పదిరెండేండ్ల తరువాత నిజముగానే ఆ జబ్బు వచ్చెను. వేషము వేసిననాడు దాచినవారు, బ్రదుకులో దాచలేదు. 2013 అక్టోబరులో, తొంబది యేండ్లకు చేరువైన ప్రాయమున, వారు హైదరాబాదున పత్రికలవారిని పిలిపించి, తన ప్రేగులలో క్యాన్సరున్నదని తమ నోటనే చెప్పిరి. ఎవ్వరును గాలి కబుర్లు వినవలసిన పని లేకపోయెను. 1974 లోనే అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చి, మరల దశాబ్దముల తరబడి నటించినవారు గనుక, వైద్యుల మాటలు వారికి కొత్త కావు. శస్త్రచికిత్స పిదపను పని మానలేదు. కొడుకు నాగార్జున, మనుమడు నాగచైతన్యలతో కలిసి నటించిన మనము అను చిత్రమునకు తన గొంతు తానే యియ్యవలెనని పట్టుబట్టి, ఇంటిలోనే యేర్పాటు చేయించుకొని పూర్తిచేసిరి. 2014 జనవరి 22న కన్నుమూసిరి. చిత్రము మే 23న వెలువడినది. గొంతు మాత్రము ఆయనదే.

నాగేశ్వరరావుగారికి స్టూడియో కలదు, బలగము కలదు. మన నేతన్నకు వారము కూలి తప్ప మరేమున్నది, మంచము పట్టిననాడు ఆయన నడిపిన సాంచా మరుదినమే వేరొకని చేతికి పోవునే యని మీరనవచ్చును. నిజమే. డబ్బు విషయములో నీ రెండు బ్రదుకులకు పోలిక లేదు. కాని జబ్బు పేరును నోట పలుకుటకు డబ్బక్కరలేదు గదా.

మా యెఱుకలో నొక నేతపని పెద్దాయన యుండెడివాడు. జబ్బు ముదిరినదని, ఇక మానదని ఆయన తానే అడిగి తెలిసికొనెను. ఈ వార్త విని, కలిసి పనిచేసిన మిత్రులు నలుగురు పండ్లు పట్టుకొని, మొగములు వ్రేలాడవేసికొని వచ్చిరి. ఆయన మంచము మీదనుండియే, “ఏందిరా, నేను పోకముందే పరామర్శకు వచ్చిండ్రా?” అనెను. వారికి నవ్వవలెనో యేడ్వవలెనో తెలియలేదు. మందులకు వెండ్రుకలు రాలిపోయిన దినమున, “క్షవరం పైసలు మిగిలినయి, ఇయ్యాల చాయ్ నాది” అని కబురంపెను. మరియొక సాయంకాలము, “సేటుకు బాకీ ఉన్నోన్ని యముడు ముట్టడు, ముందు సేటు దగ్గర చిట్టీ తెమ్మంటడు” అనగా, లెక్కలు చూచు మిత్రుడు, “ఆ చిట్టీ నేను రాయను పో” అని కసరెను. లోపల వంట చేయుచున్న యిల్లాలు కొంగు నోట కుక్కుకొని నవ్వెను. చాల దినములకు ఆ యింట వినబడిన నవ్వది.

ఆ నవ్వు గోడ దాటి వెళ్ళినది. “మనిషి చావుబతుకుల మధ్యన ఉంటే ఇదేం నవ్వు, సిగ్గు లేదా” అని ఒకరిద్దరు ఈసడించిరి. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ ఈసడింపే.

రోగి యింట నవ్వు సిగ్గుమాలినతనమని మేమనుకొనము. ఎందుకనగా ఆ నవ్వును తెచ్చినది మిత్రులు కాదు, రోగియే. ఇచట నొక హద్దు కలదు, దానిని మఱువరాదు. మంచముపై నున్నవాడు తన చావును గూర్చి పరిహాసమాడవచ్చును. చూడవచ్చినవాడు ముందుగా ఆడరాదు. ఆయన యేడ్చిన దినమున ప్రక్కన కూర్చుండవలెను గాని, ధైర్యము చెప్పుచున్నామనుకొని నవ్వింపజూడరాదు. ఆ పెద్దాయన కూడ ప్రతి దినము నవ్వలేదు. మిత్రులను గది బయటనే నిలిపి, గోడవైపు తిరిగి పడుకొన్న సాయంకాలములు చాల కలవు. మరునాడు వారు మరల వచ్చెడివారు. వచ్చుటయే వారు చేసిన గొప్ప పని.

1971 లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన ఆనంద్ అను హిందీ చిత్రమును మనలో పెక్కురు చూచియుందురు. ఈ బొంబాయి నగరమునకే వచ్చిన రోగి, తనకు మిగిలినది కొద్ది నెలలని తెలిసియు, దారిన పోవు వానినెల్ల పాత స్నేహితుడన్నట్లు పలుకరించును. చూచిన ప్రతిసారి మాకొక సంగతి తోచును. పరాయి యూరిలో నా రోగికి నవ్వుటకు మనుషులు కావలసి వచ్చిరి, వారిని వెదకికొనెను. మన పెద్దాయనలకు ఆ వెదకుట కష్టము. నొప్పి యెక్కడ నున్నదో చేయి పెట్టి హిందీలో చెప్పవచ్చును. ఎన్ని దినములనుండి యనునది వ్రేళ్ళతో చూపవచ్చును. యముని మీద, సేటు మీద చమత్కారమాడవలెనన్న తెలుగు కావలెను, అందులోను తాను పుట్టి పెరిగిన యూరి తెలుగు కావలెను. ఆసుపత్రి వరుసలో మాట రాని మూగవలె నిలుచుండిన మనిషి, తన గల్లీకి వచ్చిన పిదప మరల మనిషి కావలెనన్న ఎదుట తెలుగువాడొకడు కూర్చుండవలెను. దూరమున నున్నవారికిని దారి కలదు. సూరతులోను, షోలాపురములోను, సిరిసిల్లలోను చెదరియున్న పాత మిత్రులు సెల్‌ఫోనులో రాత్రి పది నిమిషములు మాటలాడిన చాలును. “ఎట్లున్నది, ఏం తిన్నవు” అను ప్రశ్నలు వారమునకొక్కసారి యడిగిన చాలును. మిగిలిన దినములలో నూలు ధర, ఊరి సంగతి, చిన్ననాడు కలిసి చేసిన యల్లరి, ఇవి మాటలాడవలెను.

నవ్వు వలన జబ్బు మానునని మేము చెప్పము. ఆ పెద్దాయన ఒక్క దినమైనను అధికముగా బ్రదికెనని చెప్పుటకు మాకాధారము లేదు. నవ్వు మందు కాదు, మందు మందే. ఈ విషయములో తెలుగువారికి మఱువరాని పేరొకటి కలదు. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలయందు తోటివారితో కలిసి సిద్ధపరచిన అమినోప్టెరిన్ అను మందును, బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో నున్న పసిపిల్లలకిచ్చి, 1948 లో ఫలితములను ప్రకటించెను. అంతవరకు కొద్ది వారములలో పోవు పిల్లలు కొందరు కొంతకాలము తేరుకొని ఆటలాడిరి. ఆ మందునకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. సుబ్బారావుగారు ఆ 1948 ఆగస్టులోనే మరణించిరి. కాబట్టి క్యాన్సరన్నంతనే చావని తలచి చికిత్స మానరాదు. ఇక మానదని తేలిన పిదపను వైద్యము ముగియదు, నొప్పికి వైద్యము కలదు. లండనులో సిసిలీ సాండర్సు 1967 లో నెలకొల్పిన ఆశ్రమము చూపిన దారిలో, మన బాంద్రాలో 1986 లో శాంతి అవేదన సదనము వెలసినది. నొప్పితో మెలికలు తిరుగువానిని నవ్వుమనుట క్రూరత్వము. ముందు నొప్పి యణగవలెను. దానికి మాత్రలు కలవని వైద్యుని నిస్సంకోచముగా అడుగవలెను.

ఇక దాచుటకు చెప్పు కారణములలో బలమైనది ఆడపిల్ల పెండ్లి. “ఆ యింట్ల ఆ జబ్బు ఉన్నదంటే సంబంధాలు రావు” అని తల్లి భయపడును. ఈ భయమును మేము తేలికగా త్రోసివేయజాలము, ఏలయన అట్టి సంబంధములు తప్పిపోవుట నిజము. కాని ఈ జబ్బు అంటునది కాదు. కంచము వేరుపెట్టుట, గ్లాసు వేరుపెట్టుట అజ్ఞానము. పుట్టుకతో వంశమునుండి వచ్చునవి నూటికి అయిదు మొదలు పది వరకు మాత్రమే. మన పేటలో భయపడు నోటి క్యాన్సరునకు మూలము చాలవరకు పొగాకు. సంబంధము చూడవచ్చినవారు పిల్ల తండ్రి జబ్బును విచారింతురు గాని, తమ వెంట దెచ్చిన పెండ్లికుమారుని జేబులోని పొట్లమును విచారింపరు.

తలిదండ్రులారా, పరేలుకు పిల్లను ఒంటరిగా పంపకుడు. పేటలో హిందీ వచ్చిన పెద్దవా రొకరు వెంట వెళ్ళుడు. వైద్యుని మాటను వారు వినవలెను, వారే రోగికి మెల్లగా చెప్పవలెను. ఎంత చెప్పమన్న నంత, అడిగినప్పుడు. విద్యార్థులారా, ఆ దినము బడికి రాని పిల్ల పాఠములను మీ పుస్తకములనుండి వ్రాసి యుంచుడు. మరునాడామె వచ్చినపుడు ప్రక్క బెంచికి జరిగి కూర్చుండకుడు. “మీ నాయినకు ఎట్లున్నది” అని యడుగుటకు వెరవకుడు. తన తండ్రి నిన్న మందుల చేదును గూర్చి యేమి యెకసక్కెమాడెనో ఆమె చెప్పినచో, నవ్వుడు.