గేరు మీద చెయ్యి

సినిమాలో హీరో కారెక్కితే గేరు మీద చెయ్యి క్లోజప్‌లో పడాల్సిందే! 1968 నాటి ‘బులిట్’ ఛేజ్‌లో స్టీవ్ మెక్‌క్వీన్ మస్టాంగ్ గేర్లు మారే చప్పుడుకే ఈలలు వెయ్యాలనిపిస్తుంది.

ఆ సరదాతోనే మొన్న హైదరాబాద్‌లో వెర్నా టర్బో నడిపి చూశాను. 2023లో వచ్చిన మోడలు. ఒకటిన్నర లీటరు ఇంజను, 160 పి.ఎస్. శక్తి, ఆరు గేర్లు, ఎడమకాలి కింద క్లచ్చి. “ఆటోమేటిక్ చూడండి సార్” అన్నాడు షోరూం కుర్రాడు. వింటేగా! మొదటి సిగ్నల్ దగ్గరే బండి ఠక్కున ఆగిపోయింది. వెనక హారన్ల మోత. పక్కనున్న మా బావమరిది కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

అవుటర్ రింగ్ రోడ్డెక్కాక మొదలైందండీ అసలు సినిమా! మూడో గేరు... 1,500 ఆర్.పి.ఎం. దాటగానే టర్బో అందుకుంది. వీపు సీటుకి అతుక్కుపోయింది. గేరు మనమే వేశామన్న ఆ ఆనందం ఆటోమేటిక్‌లో దొరకదు సుమండీ.

తిరుగు ప్రయాణంలో స్టీరింగు మా బావమరిదికిచ్చాను. కొనేది అతనే, రోజూ మాదాపూర్ వెళ్లేదీ అతనే. మెహదీపట్నం ట్రాఫిక్‌లో అరగంట క్లచ్చి తొక్కీ తొక్కీ చెమటలు కక్కాడు. “ఆటోమేటిక్కే బావా” అంటాడనుకున్నా. తీరా ఫారం మీద మాన్యువల్ అని రాయించాడు!

ఎడమకాలు అతనిది. నాకేం?