కీలు పొరది ప్రేక్షక పాత్ర కాదు

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటే ఏమిటని అడిగితే చదువుకున్నవాళ్లు తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: మన రక్షణ వ్యవస్థే మన మీద తిరగబడింది, పాపం కీళ్లు బలయ్యాయి. ఈ కథలో దోషులంతా తెల్లకణాలే. కీలు లోపలి పొర ఊరికే దెబ్బలు తింటుంది. నా అభ్యంతరం అక్కడే.

ఆ పొర పేరు సైనోవియం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని పైవరస ఒకటి రెండు కణాల మందమే. జబ్బు ముదిరితే అదే పది కణాల మందానికి పైగా బలుస్తుంది. అందులోని ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు మృదులాస్థిని కరిగించే ఎంజైములు వదులుతాయి, ఐఎల్-6 అనే సంకేత ప్రోటీన్‌తో వాపును ఎగదోస్తాయి, ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్‌తో ఎముకను తినే కణాలను తయారుచేయిస్తాయి. వేలి కణుపు ఎక్స్‌రేలో మృదులాస్థి ముగిసి ఎముక బోసిగా ఉండే అంచున, ఎలుక కొరికినట్టు ఓ గాటు కనిపిస్తుంది. బలిసిన పొర పాకిన చోటది.

‘తెల్లకణాలు రెచ్చగొడితేనే కదా!’ అంటారు. సరే, 1996లో వెలువడిన ప్రయోగం చూడండి. రోగుల కీళ్లలోని ఫైబ్రోబ్లాస్టులను మనిషి మృదులాస్థి ముక్కతో కలిపి, టీ, బీ అనే తెల్లకణాలు లేని ఎలుకల్లో నాటారు. ఉసిగొల్పే ఆ కణాలు లేకపోయినా ఫైబ్రోబ్లాస్టులు మృదులాస్థిలోకి చొరబడ్డాయి. 2019లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు ఎలుకల్లో ఇంకో అడుగు వేశారు: పైవరస ఫైబ్రోబ్లాస్టులు ముఖ్యంగా ఎముకనూ మృదులాస్థినీ పాడుచేస్తే, వాటి కింద ఉండేవి వాపును నడుపుతున్నాయని చూపించారు.

అంటే వాపు వేరు, విధ్వంసం వేరు. ర్యాంక్‌ఎల్‌ను అడ్డుకునే డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఈ రోగుల్లో ఎముక కోతను తగ్గిస్తుంది, కీళ్ల వాపును మాత్రం తగ్గించదు. మరి స్టెరాయిడ్ మాత్రతో నొప్పి తగ్గగానే జబ్బు కుదిరిందని సంబరపడటం దేనికి?

రక్షణ వ్యవస్థను అణిచే మెథోట్రెక్సేట్ లాంటి మందులు మానేయమని నేననడం లేదు. 1992లో పరిశోధకులు ఫెల్డ్‌మన్, మైనీలు లండన్‌లో వాపును పెంచే టీఎన్ఎఫ్ ప్రోటీన్‌ను అడ్డుకునే మందు ఇచ్చి చూశాక ఎందరి బతుకులో తెరిపిన పడ్డాయి. కానీ ఎన్ని మందులు మార్చినా లొంగనివాళ్లున్నారు. కొందరి కీలు పొర ముక్క తీసి చూస్తే తెల్లకణాలు అంతంతమాత్రం, ఉన్నవన్నీ ఫైబ్రోబ్లాస్టులే. అలాంటివాళ్లకు మళ్లీ తెల్లకణాల మందే ఇంకోటి రాయడంలో తర్కమేమిటో నాకు అంతుబట్టదు.

ఫైబ్రోబ్లాస్టులను పట్టి ఉంచే క్యాడ్‌హెరిన్-11 అనే ప్రోటీన్ మీద తయారుచేసిన యాంటీబాడీ రోగుల్లో ఫలించలేదు కదా అని దెప్పుతారు. నిజమే, ఫలించలేదు. 1990లలో సీడీ4 రకం టీ కణాల మీద ప్రయోగించిన యాంటీబాడీలూ అలాగే బోల్తా కొట్టాయి. అయినా టీ కణాలను వదల్లేదు. 2005లో టీ కణాలను అదుపుచేసే అబాటసెప్ట్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. కీలు పొర దగ్గరకొచ్చేసరికి ఒక్క ఓటమికే దుకాణం కట్టేయమంటే ఎలా?